పెళ్లి లైవ్ 4కేలో: 300 ఎంబీపీఎస్ ప్లాను ఉన్నా బొమ్మ ఎందుకు ఆగిపోతోంది?

గాజువాక వీడియోలు:

అందరికీ నమస్కారమండీ. నాది గాజువాక. పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాను, లాక్‌డౌన్ అప్పట్నించి లైవ్ కూడా ఇస్తున్నాను. ఫుల్ హెచ్‌డీలో ఇన్నేళ్లలో ఎవరితోనూ మాట పడలేదు. 4కే అన్నాక పరువు పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

పోయిన నెల భీమిలి రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. పెళ్లికూతురి అమ్మమ్మగారు డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. మోకాలి ఆపరేషన్ అయ్యింది, రాలేకపోయారు. మనవడు 75 అంగుళాల టీవీ కొని, ఆవిడని దాని ముందు కూర్చోబెట్టి, "అన్నా, అమ్మమ్మకి చీర జరీ పోగు కూడా కనపడాలి. 4కేలోనే కావాలి" అన్నాడు. ఒప్పుకున్నాను.

మండపం ముందు ఒక కెమెరా, హెచ్‌డీఎంఐతో నేరుగా ల్యాప్‌టాప్ క్యాప్చర్ కార్డుకి (కెమెరా బొమ్మని ల్యాప్‌టాప్‌లోకి తీసుకునేది) ఇచ్చాను. గుమ్మం పక్కన స్టాండు మీద ఇంకో కెమెరా, అది నలభై మీటర్ల దూరం. అంత దూరం హెచ్‌డీఎంఐ లాగితే నమ్మకం ఉండదని ఎన్‌డీఐ డబ్బా (వీడియోని లోకల్ నెట్‌వర్క్ మీద పంపేది) పెట్టి, ఈథర్నెట్ కేబుల్ మీద స్విచ్ దాకా తెచ్చాను. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్, అంటే లైవ్ పంపే సాఫ్ట్‌వేర్. 4కే, సెకనుకి 30 ఫ్రేములు, హెచ్.264 కుదింపు, 35 ఎంబీపీఎస్, ఆర్‌టీఎంపీ అనే లైవ్ పంపే పద్ధతి మీద యూట్యూబ్‌కి. నెట్ హాలు వాళ్లదే, ఫైబర్, 300 ప్లాను. పొద్దున్న పదకొండింటికి స్పీడ్ టెస్ట్ పెడితే డౌన్‌లోడ్ 285, అప్‌లోడ్ 140 వచ్చింది. ముప్ఫై ఐదు పంపడానికి నూట నలభై ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఎదుర్కోలు దాకా అద్దంలా వెళ్లింది. రాత్రి ఎనిమిదిన్నర దాటాక మొదలైంది. ఓబీఎస్ కింద పచ్చ చుక్క ఎర్రబడ్డం, యూట్యూబ్‌లో గుండ్రం తిరగడం. జీలకర్ర బెల్లం సగం పోయింది. రెండో కెమెరా అయితే మొదట్నించీ ఫోటోలు మార్చినట్టే ఉంది, రెండేసి సెకన్లకి ఒక బొమ్మ. చివరికి 1080కి దించేసి గట్టెక్కించాను.

ఇంకో ముచ్చట. డల్లాస్ వాళ్లు పక్కన ఫోన్‌లో వీడియో కాల్ కూడా పెట్టుకున్నారు. ఫోన్‌లో గట్టిమేళం వినపడగానే అమ్మమ్మగారు టీవీ మీద అక్షింతలు వేసేశారట. టీవీలో పెళ్లికొడుకు ఇంకా సూత్రం చేతిలోకి కూడా తీసుకోలేదు. అరనిమిషం తర్వాత టీవీలో కట్టాడు, ఆవిడ మళ్లీ వేశారు. వాళ్లంతా నవ్వుకున్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

శ్రావణంలో వాళ్లింట్లోనే ఇంకో పెళ్లి, ఆవిడ పెద్ద మనవరాలిది. ముహూర్తం రాత్రి 9.47. మళ్లీ నాకే ఇచ్చారు, మంచివాళ్లు. ప్లాను పెంచమనాలా, ల్యాప్‌టాప్ మార్చాలా, అసలు మన ఊళ్లో 4కే లైవ్ అయ్యే పనేనా?

మద్దిలపాలెం బ్రో:

1 జీబీపీఎస్ తీస్కో బ్రో, సింపుల్. మా ఇంట్లో 100 ప్లాన్ మీదే 4కే సినిమాలు గుక్క తిప్పుకోకుండా వస్తున్నాయి. నీ హాలు వాళ్లు పాత రౌటర్ పెట్టుంటారు.

పాత కేబులు మనిషి:

తమ్ముడూ, నేను 93లో అల్లిపురంలో మేడ మీద డిష్ పెట్టి, ఇల్లిల్లూ తిరిగి కోయాక్సియల్ లాగినోణ్ని. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను ఊరికే కూర్చోలేక ఇలాంటివి చదువుతుంటాను. నీది రెండుసార్లు చదివాను. నీకున్నది ఒక రోగం కాదు, అన్నిటినీ కలిపి "నెట్ స్లో" అంటున్నావు.

ముందు మద్దిలపాలెం అబ్బాయికి చెప్పాలి. ఇంట్లో సినిమా చూడ్డం బిందెలో పట్టుకున్న నీళ్లు తాగడం. కొళాయి సన్నబడినా కాసేపు బిందెలోది సరిపోద్ది. మరీ తగ్గితే నీకు తెలీకుండానే యాప్ క్వాలిటీ ఒక మెట్టు దించేస్తాది. లైవ్ పంపేవాడికి బిందె లేదు. వాడే మోటారు, పై ట్యాంకు నింపాల్సింది వాడే. మోటారు తడబడితే డల్లాస్‌లో గొట్టం ఎండిపోద్ది. జీబీ ప్లాను అన్నప్పుడు ఆ జీబీ కిందికి వచ్చేదా పైకి పోయేదా అని అడగండ్రా బాబూ ముందు.

ఇప్పుడు నీ సంగతి. ఎదుర్కోలు దాకా బాగుంది, ఎనిమిదిన్నరకి చెడింది అన్నావు. ఎనిమిదిన్నరకి ఏటి జరిగింది? మొదటి బంతి భోజనాలు లేచి జనం హాల్లోకి వచ్చుంటారు. హాలు వైఫై పాస్‌వర్డు గోడకి అంటించి ఉంటాది, అవునా? నాలుగొందల ఫోన్లు. తీసిన ప్రతి ఫోటో, ప్రతి వీడియో దానంతటదే క్లౌడ్‌లోకి ఎక్కుద్ది. అదంతా అప్‌లోడే. నీ ముప్ఫై ఐదు ఎంబీపీఎస్ ఆ తోపులాటలో చిక్కుకుంది. పొద్దున్న ఖాళీ హాల్లో పెట్టిన టెస్టు ఖాళీ రోడ్డు మీద బండి తోలినట్టు.

ఆ స్పీడ్ టెస్ట్ కూడా పూర్తిగా నమ్మొద్దు. అది దగ్గరున్న సర్వరు వెతుక్కుని, ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి కొలుస్తాది. ఆర్‌టీఎంపీ నడిచేది ఒకే ఒక టీసీపీ కనెక్షన్ మీద. దార్లో ఒక ప్యాకెట్ (డేటా ముక్క) పోయిందంటే దాన్ని మళ్లీ తెప్పించుకునేదాకా వెనకున్నవన్నీ నిలబడాల్సిందే. అందుకే నెట్ ఎంత వేగం అని చూడకు, రెండు గంటలు ఒకేలా పోతుందా లేదా అది చూడు. ముందురోజు రాత్రి అదే టైముకి యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లకే కనపడే) లైవ్ పెట్టి, ఫ్యాన్ తిరుగుతుంటే ఆ ఫ్యాన్నే పంపు. తేలిపోద్ది.

మన వీధుల్లోకి వచ్చే ఫైబరు ఎక్కువగా జీపాన్, అంటే ఒకే ఫైబరుని చాలా ఇళ్లకి పంచే పద్ధతి. ఒక పోర్టు మీద కిందికి 2.5 జీబీపీఎస్, పైకి అందులో సగం, 1.25. దాన్ని 32 కనెక్షన్లో 64 కనెక్షన్లో పంచుకుంటాయి. ఇది ఆపరేటర్ మోసం కాదు, దాని కట్టుబడే అంత.

ల్యాప్‌టాప్ మార్చే ముందు ఓబీఎస్‌లో స్టాట్స్ కిటికీ తెరువు. మూడు లెక్కలుంటాయి. నెట్‌వర్క్ వల్ల వదిలేసిన ఫ్రేములు పెరిగితే నెట్ తప్పు. ఎన్‌కోడింగ్ వెనకబడి పోయినవి పెరిగితే ల్యాప్‌టాప్ చాలట్లేదు. రెండరింగ్ వెనకబడి పోయినవైతే గ్రాఫిక్స్ కార్డు మీద బరువెక్కువైంది. ఏది పెరిగిందో చెప్పకుండా నువ్వు లక్ష పెట్టి ల్యాప్‌టాప్ కొంటానంటే షాపువాడు వద్దంటాడా?

రెండో కెమెరా కథ వేరు. అది ఇంటర్నెట్ జోలికే పోలేదు, నీ స్విచ్ దగ్గరే చచ్చింది. ఎన్‌డీఐలో 4కే 60 ఫ్రేములంటే దగ్గర దగ్గర 250 ఎంబీపీఎస్. 30 ఫ్రేములైనా వంద ఎంబీపీఎస్ లింకులో పట్టదు. కేబుల్లో నాలుగు జతలూ బాగుంటేనే గిగాబిట్. ఒక్క పిన్ను సరిగ్గా తగలకపోయినా చాలా డబ్బాలు చప్పుడు చెయ్యకుండా వందకి దిగిపోతాయి, ఎర్రర్ కూడా చూపించవు. ఆ నలభై మీటర్ల కేబుల్ని ఒకసారి ల్యాప్‌టాప్‌కే గుచ్చి, విండోస్‌లో లింక్ స్పీడ్ ఎంతుందో చూడు. మనది సముద్రం ఊరు. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు ఏడాదికే నల్లబడతాయి. బీచ్ రోడ్డులో నేను మార్చినన్ని కనెక్టర్లు ఊళ్లో ఇంకెక్కడా మార్చలేదు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. హాలు గేటు దగ్గర ఫైబర్ ఎలా వస్తోందో చూసుకున్నావా? కరెంటు స్తంభం మీంచి వేలాడుతుంటే డీజే లారీ వచ్చినప్పుడు ఒక మనిషిని కర్ర ఇచ్చి నిలబెట్టు. నవ్వకు. హుద్‌హుద్ తుపానుకి పోయిన కేబులంటే అర్థం ఉంది, 2014 అక్టోబర్ 12న ఊరికి ఊరే పడిపోయింది. పెళ్లికొడుకు ఊరేగింపుకి పోయిన కేబుళ్లు నేను చేత్తో అతికాను.

గాజువాక వీడియోలు:

బాబాయ్, దండం. పాస్‌వర్డు గోడ మీద కాదు, రిసెప్షన్ బల్ల మీద అట్ట ముక్క మీద రాసిపెట్టారు. స్టాట్స్ స్క్రీన్‌షాట్ ఒకటి దొరికింది: నెట్‌వర్క్ వల్ల 17 శాతం పోయాయి, మిగతా రెండూ సున్నా. అంటే ల్యాప్‌టాప్ తప్పు లేనట్టేగా? ఆ లక్ష మిగిలింది.

మరి ఆ అరనిమిషం ఆలస్యం సంగతి? అక్షింతలు రెండుసార్లు వేయించాను, మూడోసారి కూడా వేయిస్తే బాగుండదు.

ఎంవీపీ సెక్టార్ సిక్స్:

ఆ ఆలస్యం గురించి నేను చెప్తాను, నా ఉద్యోగం నెట్‌వర్కుల మీదే.

యూట్యూబ్‌కి వెళ్లిన మీ బొమ్మని అక్కడ మళ్లీ రకరకాల సైజుల్లోకి మార్చి, కొన్నేసి సెకన్ల ముక్కలుగా కోసి, ప్రపంచమంతా ఉన్న సర్వర్లకి పంచుతారు. టీవీ ఆ ముక్కలు కొన్ని పోగయ్యాకే ఆడిస్తుంది. లక్షమంది చూడాలంటే ఈ పద్ధతే సరైనది. అందులో అల్ట్రా లో లేటెన్సీ అని ఆలస్యం బాగా తగ్గించే సెట్టింగు ఒకటుంది గానీ అది 4కేకి పనిచెయ్యదు. కాబట్టి అక్కడ బొమ్మా కావాలి, వెంటనే కావాలి అంటే కుదరదు.

కానీ మీకు లక్షమంది లేరుగా. డల్లాస్‌లో ఒక్క టీవీ. అది యూట్యూబ్ పని కాదు, నేరుగా ఇక్కణ్నించి అక్కడికి గొట్టం వేసుకోవడమే.

దీనికి అసలు రూపం ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన విషయం. 4కే బొమ్మని అసలు కుదించకుండా పంపాలంటే 3840 ఇంటూ 2160 ఇంటూ సెకనుకి 60 ఫ్రేములు ఇంటూ పిక్సెల్‌కి 20 బిట్లు. వేసి చూడండి, 9.95 జీబీపీఎస్ వస్తుంది. ప్యాకెట్ల హెడర్లు కలిపితే 10 గిగాబిట్ పోర్టులో పట్టదు, పెద్ద స్టూడియోల్లో 25 గిగాబిట్ పోర్టులు వాడేది అందుకే. మీరు పంపుతున్నది 30 ఫ్రేములే అయినా అందులో నూటనలభయ్యో వంతు కూడా లేదు. మిగతాదంతా కోడెక్ (వీడియోని కుదించి, మళ్లీ విప్పేది) ఊహించి అల్లుతోంది. 2005లో ఐగ్రిడ్ అనే ప్రదర్శనలో టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయం నించి అమెరికాలో శాన్ డియాగోకి 4కేని లైవ్‌గా పంపారు. అప్పుడు వాడింది జేపెగ్ 2000. అందులో ప్రతి ఫ్రేమూ దేనికది విడిగా కుదిస్తారు, ముందు వెనక ఫ్రేముల కోసం ఎదురుచూడక్కర్లేదు. దాంతో ఆలస్యం తగ్గుతుంది, బదులుగా వందల ఎంబీపీఎస్ కావాలి. పరిశోధన నెట్‌వర్కుల్లో అది ఉంటుంది, ఫంక్షన్ హాల్లో ఉండదు.

హెచ్.264, హెచ్ఈవీసీ లాంటివి పాత ఫ్రేముని చూసి కొత్త ఫ్రేముని ఊహిస్తాయి. మండపం, పూలు, పురోహితుడు కదలకుండా ఉన్నంతసేపూ వాటికి పండగే. తలంబ్రాలు మొదలయ్యాయంటే ప్రతి గింజా కొత్త సమాచారం, ఏ గింజ ఎటు పోతుందో పాత ఫ్రేము చెప్పలేదు. దానికి తోడు సీరియల్ లైట్లు, హోమం పొగ. బొమ్మ గళ్లుగళ్లుగా పగిలేది సరిగ్గా అప్పుడే. అందుకని తలంబ్రాలప్పుడు క్లోజప్ కొట్టకండి, కాస్త వెడల్పు షాట్ పెట్టండి.

ఇక గొట్టం. ఎస్ఆర్‌టీ అనే ప్రోటోకాల్ ఉంది, 2017 నించి ఓపెన్ సోర్స్. యూడీపీ మీద నడుస్తుంది, అంటే ప్యాకెట్ చేరిందా లేదా అని ఆగి చూడని పద్ధతి. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ అడుగుతుంది గానీ మీరు పెట్టిన గడువులోపే. గడువు దాటితే వదిలేసి ముందుకెళ్తుంది, టీసీపీలాగా అందరినీ నిలబెట్టదు. ఆ గడువు పింగ్‌కి (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే టైముకి) నాలుగు రెట్లు పెట్టమంటారు. డల్లాస్‌కి పింగ్ 280 మిల్లీసెకన్లు వచ్చిందనుకోండి, 1.2 సెకన్లు పెట్టండి. ఓబీఎస్‌లో లేటెన్సీ దగ్గర రాసే అంకె మైక్రోసెకన్లలో ఉండాలి. 1200 అని రాసి ఊరుకుంటే అది ఒక మిల్లీసెకన్ చిల్లర, అందరూ ఒకసారైనా పడే గొయ్యి ఇది. 1200000 రాయాలి.

మన ఊరి కనెక్షన్లు చాలావరకు ఒకే పబ్లిక్ ఐపీని పదిమందికి పంచుతాయి కాబట్టి బయటినించి ఎవరూ మీకు ఫోన్ చెయ్యలేరు, మీరే చెయ్యాలి. అంటే డల్లాస్ వాళ్లు రౌటర్లో ఒక యూడీపీ పోర్టు తెరిచి లిజనర్‌గా ఉండాలి, మీరు కాలర్. టీవీ వెనక ఒక చిన్న పీసీ, అందులో ఎస్ఆర్‌టీ లిజనర్‌గా పనిచేసే ప్లేయరు ఒకటి చాలు. హెచ్ఈవీసీలో పంపితే హెచ్.264కి పట్టే దాంట్లో సుమారు సగంతోనే అదే నాణ్యత వస్తుంది.

సరదాకి: వైజాగ్ రేఖాంశం 83.3 తూర్పు, డల్లాస్‌ది 96.8 పడమర. కూడితే 180. భూగోళం మీద సరిగ్గా ఎదురెదురు గీతలు! దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగా, 14,400 కిలోమీటర్లు. ఫైబర్లో కాంతి వెయ్యి కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అంటే పోను రాను కనీసం 144. కేబుళ్లు ధ్రువం మీంచి పోవు, సముద్రాలు చుట్టుకుని పోతాయి, అందుకే పింగ్ దానికి రెట్టింపుకి దగ్గర్లో కనిపిస్తుంది. ఏ ప్లాను కొన్నా ఇది తగ్గదు.

ఆస్టిన్ తెలుగువాణ్ని:

అవతలి వైపు మాట ఒకటి. టీవీ గానీ ఆ చిన్న పీసీ గానీ వైఫై మీద ఉంటే తీసి కేబుల్ పెట్టమనండి. చాలా టీవీల్లో ఈథర్నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్ దే, అయినా మీ లైవ్‌కి చాలు. చిన్న పీసీ నించి టీవీకి వేసే హెచ్‌డీఎంఐ తీగ పాతదైతే 4కే 60కి పట్టదు, 30లోనే ఆగిపోవచ్చు. మా అమ్మానాన్న సింహాచలంలో మా తమ్ముడి ఒడుగు చేస్తే నేను ఇక్కడ ఇవన్నీ పడ్డాను. నా టీవీ తప్పుకి వీడియో అతన్ని తిట్టిపోశాను, పాపం.

గాజువాక వీడియోలు:

అప్‌డేట్. మొన్న పెళ్లి అయిపోయింది, నిద్ర తీరాక రాస్తున్నాను.

కేబుల్ సంగతి బాబాయ్ చెప్పిందే. ల్యాప్‌టాప్‌కి గుచ్చితే 100 చూపించింది. కొస కోసి చూస్తే రెండు పిన్నులు పచ్చగా పాచి పట్టినట్టున్నాయి. కొత్త కనెక్టర్ కొట్టాను, 1000 వచ్చింది, రెండో కెమెరా లేచి కూర్చుంది. దీనికి నేను డబ్బానే మార్చేద్దామనుకున్నాను.

హాలు మేనేజర్ని బతిమాలి, ఆ రాత్రికి నా ఒక్కడికే వేరే ఫైబర్ లైను వేయించాను, లోకల్ ఆపరేటర్ రెండు వేలు తీసుకున్నాడు. ముందురోజు రాత్రి ఎనిమిది నించి పది దాకా ఫ్యాన్ లైవ్ పెట్టాను. (ఎవరో చుట్టం దాన్ని కూడా చూసి కామెంట్ పెట్టాడు, అన్‌లిస్టెడ్ లింకు ఎలా దొరికిందో!) యూట్యూబ్‌కి 1080 మాత్రమే ఇచ్చాను, 12 ఎంబీపీఎస్, చుట్టాలందరికీ. డల్లాస్‌కి ఎస్ఆర్‌టీ మీద 4కే 30, హెచ్ఈవీసీ, 22 ఎంబీపీఎస్. రికార్డింగ్ అవుట్‌పుట్‌ని దానికి మళ్లించాను. లేటెన్సీ దగ్గర 1200 అని రాసి గంటన్నర కొట్టుకున్నాను. ఎంవీపీ అన్న ముందే చెప్పినా కూడా! పింగ్ 271 వచ్చింది.

డీజే లారీ గేటు దగ్గరకి రాగానే మా అసిస్టెంటు వెదురు కర్రతో వైరు ఎత్తిపట్టాడు. పెళ్లికొడుకు స్నేహితులు వాడి చుట్టూ డాన్స్ చేశారు.

9.47కి సూత్రం. డల్లాస్‌లో పొద్దున్న 11.17. ఫోన్ కాల్లో వాళ్ల గొంతులు వింటూనే ఉన్నాను. ఇక్కడ గట్టిమేళం మొదలై రెండు సెకన్లు, "అమ్మమ్మా, ఇప్పుడే!" అని మనవడి అరుపు, అక్షింతలు నేల మీద పడ్డ చప్పుడు. ఒక్కసారే వేశారు. తలంబ్రాల దగ్గర ఎంవీపీ అన్న మాట విని వెడల్పు షాట్ పెట్టాను, అయినా కాస్త గళ్లు పడ్డాయి, దాచను.

ఇప్పుడు కొత్త తంటా. తలంబ్రాలు పోస్తూ పెళ్లికూతురు చెయ్యెత్తినప్పుడు పైట కొంగు తిరగబడింది. అమ్మమ్మగారు టీవీకి దగ్గరగా జరిగి చూశారట. ఉప్పాడ జాందానీకి వెనక వైపు కూడా బుటా అలాగే ఉండాలి, దీనికి వెనక దారాలు వేలాడుతున్నాయి, ఇది ఉప్పాడ కాదు, మరమగ్గం మీద నేసింది, ఎంతకి కొన్నారు అని అక్కడికక్కడే అడిగారు. చీర తెచ్చింది పెళ్లికొడుకు మేనత్త. నిన్నట్నించి రెండు వైపుల నించీ నాకు ఫోన్లు: ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసెయ్యమని ఒకరు, తియ్యొద్దని ఇంకొకరు.

పాత కేబులు మనిషి:

రికార్డింగ్ 4కేలోనే ఉందా తమ్ముడూ? ఉంటే తియ్యకు. డబ్బులు ఇచ్చింది అమ్మమ్మ వైపు వాళ్లు కదా.